తూర్పు విమానం, పడమటి సంచి

విజయవాడ నుంచి హైదరాబాదుకి విమానంలో ఎంతసేపని అడిగితే ఫోను తడుముకోకుండా చెబుతుంది, యాభై అయిదు నిమిషాలని. దూరం రెండొందల అరవై చిల్లర కిలోమీటర్లట, మధ్యలో చెట్టూ పుట్టా ఏమీ లేనట్టు తిన్నగా. ఆ మాట నమ్మి బయల్దేరిన తెలివైనదాన్ని నేను. గన్నవరంలో ఎక్కి ఓ కునుకు తీసేసరికి శంషాబాదు వస్తుంది, దిగి కాఫీ తాగి తీరిగ్గా ఆసుపత్రికి వెళ్ళొచ్చు అనుకున్నాను. నా మొహం. ఆ యాభై అయిదు నిమిషాల ప్రయాణం మా ఇంట్లో ముందురోజు సాయంత్రమే మొదలైంది. అదీ విమానం ఉన్న దిక్కుకి కాదు, సరిగ్గా దానికి వీపు చూపించే దిక్కుకి.

మా అత్తగారికి ఒక్కతే చెల్లెలు. వరసకి నాకు చిన్నత్తగారు. ఇద్దరూ ఉయ్యూరు పక్కన చెరకు గడలు నమిలి పెరిగినవాళ్ళే, కానీ ఒక్క కడుపున పుట్టారంటే కొత్తవాళ్ళు నమ్మరు. మా అత్తగారు తిథి చూడందే తలంటి పోసుకోరు. వర్జ్యం నడుస్తుంటే కొత్త బియ్యం బస్తా మూతి విప్పనివ్వరు. చిన్నత్తగారేమో హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పంచాంగం మాటెత్తితే చాలు, వెనక బెంచీ పిల్లాణ్ణి లేపినట్టు అక్కగారిని లేపి నిలబెట్టేసేవారు.

ఆవిడకి పంచాంగం మీద ఆ కోపం ఊరికే రాలేదు. మొదటిసారి ఉద్యోగంలో చేరడానికి వెళ్ళేటప్పుడు అక్కగారు పట్టుబట్టి పరస్థానం పెట్టించారు. తెలియనివాళ్ళకి చెబుతాను. బయల్దేరాల్సిన వేళ మంచిది కాకపోతే, అంతకుముందే ఓ మంచి ఘడియ చూసి మన సంచో పెట్టో తీసుకెళ్ళి ఇంకొకరింట్లో పెడతారు. సంచి గడప దాటితే మనిషి దాటినట్టే లెక్క. ఆ తర్వాత ఎంత చెడ్డ ఘడియలో కదిలినా ఫర్వాలేదు, ప్రయాణం ఎప్పుడో మొదలైపోయింది కదా! కాలాన్ని ఇంత మర్యాదగా బోల్తా కొట్టించే ఏర్పాటు ఇంకొకటి నేను చూడలేదు. సరే, చిన్నత్తగారి పెట్టె పొరుగింట్లో పెట్టారు. తెల్లారేసరికి ఆ పొరుగువాళ్ళు ఇంటికి తాళమేసి పెళ్ళికి పోయారు. కొత్త టీచరమ్మ కట్టుబట్టలతో వెళ్ళి ఉద్యోగంలో చేరి, పెట్టె వచ్చేదాకా ఆ ఒక్క చీరే ఉతుక్కుని కట్టుకున్నారు. ఆ చీర కోపం ఇప్పటికీ తీరలేదు.

ఆ అక్కచెల్లెళ్ళ మధ్య రోజూ సాయంత్రం దీపాలవేళకి ఫోను. మా అత్తగారికి ఒక చెవి సరిగ్గా వినపడదు కాబట్టి స్పీకరు పెట్టుకునేవారు. దాంతో గుణదలలో మా అపార్టుమెంటు మూడో అంతస్తు మొత్తానికి ఆ తిట్లు ఉచితం. "వంకాయ కూరకి కూడా వర్జ్యం చూసేదానివి నిన్నేమనాలే అక్కా? నీ బుర్రలో కాలెండరు మేకు దిగ్గొట్టారా?" అని అటునుంచి ఖంగుమని వినపడేది. మా అత్తగారు మురిసిపోతూ వినేవారు. ఒకరోజు ఫోను రాకపోతే ఆవిడకి అన్నం సయించదు.

ఆ మధ్య కొన్ని నెలలుగా అటునుంచి ఖంగుమనడం తగ్గింది. గొంతు బొంగురుపోయింది. అడిగితే "చలవ చేసిందిలే" అనేవారు. ఓ మంగళవారం సాయంత్రం ఫోను మోగితే ఆవిడ కాదు, ఆవిడ భర్త, మా చిన్నమావగారు. మాటలు కూడదీసుకుని చెప్పారు. గొంతులో గడ్డ. ఎల్లుండి, గురువారం పదకొండింటికి ఆపరేషను. ప్రాణానికి భయం లేదన్నారు, కానీ స్వరపేటిక మొత్తం తీసేయాలట. ఇక మాట ఉండదు.

మా అత్తగారు ఫోను పెట్టేసి చాలాసేపు పమిట చెంగు మడతపెడుతూ కూచున్నారు. తర్వాత నన్ను పిలిచారు.

"అమ్మాయ్, దాని గొంతు పోయేలోగా నన్ను హైదరాబాదు తీసుకెళ్ళవే. ఒక్కసారి ఎదురుగా కూచుని తిట్టించుకోవాలి."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ మొహం చూశాక ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఆ క్షణంలోనే అనుకున్నాను, గురువారం పదకొండింటిలోపు ఈవిడని ఆ చెల్లెలి ముందు కూచోబెట్టకపోతే నా బతుకెందుకని.

మా ఆయన కారుతో సహా పని మీద కాకినాడలో ఉన్నారు. అయినా అయిదు గంటల కారు ప్రయాణం ఆవిడ నడుముకి పడదు. రైల్లో మిగిలినవన్నీ పై బెర్తులు. ఆవిడ మోకాళ్ళతో పై బెర్తంటే క్రేను కావాలి. బుధవారం విమానాల్లో సీట్లు లేవు. గురువారం పొద్దున ఎనిమిదింటికి ఒకటుంది, రెండు సీట్లున్నాయి. ఎనిమిదికి లేస్తే తొమ్మిదిలోపు అక్కడ, పదింటికల్లా ఆసుపత్రి, గంటసేపు తిట్లు. నేను టిక్కెట్లు కొనేసి, లెక్క ఆవిడకి అప్పజెప్పాను. ఆవిడ విన్నారు, తలూపారు, సిద్ధాంతిగారికి ఫోను చేశారు.

సిద్ధాంతిగారు లోకం చూసినవారు. "అమ్మగారూ, గురువారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా వర్జ్యమండీ" అన్నారు.

"మేం ఇంట్లోంచి తెల్లారగట్లే బయల్దేరతామండీ. అప్పుడు బానే ఉందిగా?" అన్నారు మా అత్తగారు ఆశగా.

"విమానానికి ఇంటి గడప లెక్క కాదమ్మా. నేల విడిచిందే ప్రయాణం."

ఇది ఏ శాస్త్రంలో ఉందో నేను అడగలేదు. అమెరికా వెళ్ళేవాళ్ళందరికీ చెప్పీ చెప్పీ ఆయన కట్టుకున్న సొంత శాస్త్రమై ఉంటుంది. బుధవారం సాయంత్రం మాత్రం దివ్యంగా ఉందన్నారు. ఇంకేముంది? సీట్లున్న వేళకి ఘడియ లేదు, ఘడియ ఉన్న వేళకి సీట్లు లేవు. పరస్థానం ఒక్కటే దారి.

"సరే, పక్కింట్లో పెట్టేద్దాం" అన్నాను. మా గడప దాటితే నాలుగడుగులు.

"పక్కిల్లు తూర్పున ఉందిగా. మనం వెళ్ళే దిక్కున పెట్టాలి. హైదరాబాదు పడమర."

"విమానాశ్రయం తూర్పున కదా అత్తయ్యా!"

"మనం విమానాశ్రయానికి వెళుతున్నామా, హైదరాబాదుకి వెళుతున్నామా?"

దీనికి ఎవరి దగ్గరైనా జవాబుంటే నాకు చెప్పండి. పడమర అంటే వన్ టౌన్. అక్కడ ఆవిడకి పెదనాన్న కొడుకు, వరసకి నాకు బాబాయి ఉన్నారు, స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు, పైనే ఇల్లు. బుధవారం సాయంత్రం నేను ఆటో ఎక్కి, బట్టల కొట్టువాళ్ళిచ్చిన ఓ గుడ్డసంచిని ఒళ్ళో పెట్టుకుని, ఊరంతా దాటి, ఆ సందుల్లో తోపుడు బళ్ళని తప్పించుకుంటూ వెళ్ళి ఆయన చేతికిచ్చి వచ్చాను. ఆ సంచిలో ఓ చీర, తువ్వాలు, కుంకుమ భరిణె ఉన్నాయనుకున్నాను. వెనక్కొచ్చేటప్పుడే మనసులో ఓ నిర్ణయం చేసుకున్నాను కూడా. సంచి బయల్దేరింది కదా, దాని ముచ్చట తీరింది. పొద్దున మనం తిన్నగా గన్నవరం పోదాం, సంచిని వచ్చాక తెచ్చుకోవచ్చు.

గురువారం తెల్లారగట్ల టాక్సీ వచ్చింది. అత్తగారిని ఎక్కించి, "గన్నవరం పోనీ బాబూ" అన్నాను.

"సంచో?" అన్నారు అత్తగారు.

"వచ్చాక తెచ్చుకుందాం అత్తయ్యా. అందులో ఏముంది, ఓ చీరేగా?"

"నా ఆధార్ కార్డుంది."

టాక్సీ అప్పటికే గేటు దాటింది. నేను ఆపమన్నాను.

"ఆధార్ కార్డు అందులో ఎందుకు పెట్టారు?"

"ఎందుకేమిటే? బయల్దేరింది నేనని దానికి గుర్తుండాలిగా. ఒట్టి చీర పెడితే చీర ప్రయాణమైనట్టు, నేనైనట్టు ఎట్లా అవుతుంది?"

అబ్బబ్బ! ఏళ్ళ తరబడి నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను, గుర్తింపు కార్డు విలువ తెలుసుకోమని. తెలుసుకున్నారు, ఈ రకంగా. ఫోన్లో చూపిద్దామంటే ఆ కార్డుకి తగిలించిన నంబరు ఎప్పుడో మూలపడిన ఫోనుది. వన్ టౌన్ బాబాయిగారికి ఫోను చేసి సంచి ఎదురు పంపమందామంటే, ఆయన ఎత్తరు. పొద్దున్నే ఘాట్‌కి స్నానానికి వెళతారు, ఫోను ఇంట్లో పెట్టి.

"బాబూ, ముందు వన్ టౌన్ పోనీ" అన్నాను.

డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. పెద్దమనిషే, జుట్టు నెరిసింది. "ఎయిర్‌పోర్టు అటండీ మేడం" అన్నాడు మర్యాదగా.

"తెలుసు. ముందు ఇటు."

"ఎనిమిదింటి ఫ్లైటన్నారు కదండీ..."

"బాబూ, నీకు దణ్ణం పెడతాను, పోనీ."

వన్ టౌన్‌కి తెల్లవారడమంటే లారీలు దిగడం. సందు మొగలో ఓ లారీ అడ్డంగా నిలబడి ఉంది. ప్లాస్టిక్ బకెట్ల మోపులు దించుతున్నారు, ఒకదాంట్లో ఒకటి దూర్చి మనిషెత్తున కట్టినవి. లారీకీ గోడకీ మధ్య ఓ పిల్లి పట్టే సందుంది. అత్తగారిని టాక్సీలో ఉంచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నేను ఆ పిల్లి దారిన దూరాను. బకెట్ల మోపొకటి భుజానికి రాసుకుపోయింది. దించేవాళ్ళు "అమ్మా, ఆగండమ్మా" అని అరుస్తున్నారు. ఆగడానికి నాకు టైమెక్కడిది?

బాబాయిగారు అప్పుడే స్నానం చేసొచ్చి, తడి పంచెతో మెట్ల మీద ఉన్నారు. నన్ను చూసి పొంగిపోయారు.

"రామ్మా రా! అక్కయ్యగారి సంచి భద్రంగా ఉంది. రాత్రి దాని దగ్గర మంచినీళ్ళు కూడా పెట్టాం."

"సంచికి మంచినీళ్ళేమిటి బాబాయిగారూ?"

"అక్కయ్య మా ఇంట్లో ఉన్నట్టే లెక్క కదమ్మా. దప్పికేస్తేనో?"

సంచి లాక్కోబోయాను. ఆయన వదల్లేదు. ఇంటికొచ్చిన ఆడపడుచుని వట్టి చేతుల్తో పంపే ఆనవాయితీ వాళ్ళింట్లో లేదట. కొట్టు షట్టరెత్తి, లోపలికెళ్ళి, వెతికి వెతికి ఓ స్టీలు డబ్బా తెచ్చి, తుడిచి, పసుపు రాసి సంచిలో పెట్టారు. ఆ సేపంతా నేను ఒంటికాలి మీద నిలబడ్డాను. ఆయన భార్య కాఫీ అంటూ లోపలినుంచి కేకేసింది. ఆ కేకకి జవాబు చెప్పకుండా పారిపోయి వచ్చాను. ఈ రోజుకీ ఆవిడ నాతో ముభావంగానే ఉంటుంది.

పడమర నుంచి మళ్ళీ తూర్పుకి. మళ్ళీ ఏలూరు రోడ్డు, మళ్ళీ గుణదల. మా వీధి మొగ వచ్చేసరికి అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"ఏమైందత్తయ్యా? తల తిరుగుతోందా?"

"నిన్ననే బయల్దేరానుగా. ఇవాళ మళ్ళీ ఇల్లు చూడకూడదు."

డ్రైవరు పెదవులు బిగపట్టుకున్నాడు. పాపం, నవ్వితే నేనేమంటానో అని.

నిడమానూరు దాటగానే మంచు మొదలైంది. రోడ్డుకి రెండువైపులా పొలాలు లేవు, తెల్లటి గుడ్డ పరిచినట్టుంది. లారీలన్నీ లైట్లేసుకుని నింపాదిగా పోతున్నాయి. నేను గడియారం చూస్తూ, డ్రైవర్ని తొందరపెడుతూ, మధ్యమధ్య అత్తగారి వైపు తిరిగి పళ్ళు కొరుకుతూ ఉన్నాను. ఆవిడ సంచిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతున్నారు.

గన్నవరంలో దిగి, ఆవిణ్ణి చక్రాల కుర్చీలో కూచోబెట్టి, తోసుకుంటూ పరిగెత్తాను. కౌంటరు దగ్గరికి రొప్పుతూ వెళ్ళి రెండు కార్డులూ బల్ల మీద పడేశాను. అక్కడి అమ్మాయి చల్లగా నవ్వింది.

"కంగారు పడకండి మేడం. ఫ్లైట్ డిలే అండీ. మంచు వల్ల ఆ విమానం ఇంకా హైదరాబాదులోనే ఉంది."

"ఎంతసేపు?"

"మంచు విడిచాక అండీ."

అంటే నేను పిల్లి దారిన దూరి, భుజం గీరుకుని, కాఫీని కాలదన్ని ఇంత ఊపిరాడకుండా వచ్చింది ఇంకా ఇటు బయల్దేరని విమానం కోసం. దానికి పరస్థానం పెట్టి మంచినీళ్ళిచ్చినవాళ్ళు లేరు కాబోలు. కుర్చీలో కూలబడ్డాను. ఫోను ఇంకా సిగ్గులేకుండా చూపిస్తూనే ఉంది, ప్రయాణ సమయం యాభై అయిదు నిమిషాలని.

ఎనిమిదిన్నర అయింది. అద్దాల అవతల తెల్లగా తప్ప ఏమీ లేదు. చిన్నమావగారికి ఫోను చేశాను.

"పదకొండింటికి తీసుకెళ్ళిపోతారమ్మా" అన్నారాయన. "మీ చిన్నత్త పక్కనే వింటోంది. ఎక్కువ మాట్లాడొద్దన్నారు. వదినగారు ఎక్కడిదాకా వచ్చారని సైగ చేస్తోంది."

గన్నవరం దాకా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను.

మా అత్తగారు ఈ మాటలు విన్నారు. సంచిలోంచి తువ్వాలు తీసి మొహం తుడుచుకుని మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టారు. నాకు కోపమంతా ఎటో పోయింది. ఎవరి మీద పడాలి కోపం? వన్ టౌన్ వెళ్ళకపోయినా ఇక్కడ కూచునేవాళ్ళమే. అది ఇంకా ఒళ్ళు మండించే సంగతి.

తొమ్మిది దాటాక మంచు పలచబడింది. మంచు విడిచే వేళ అంచనా కట్టి ముందే బయల్దేరిన ఆ విమానం ఊడిపడి, అందులోవాళ్ళు దిగి, మేం ఎక్కి, అది నేల విడిచేసరికి పది కావస్తోంది. చక్రాలు లేవగానే అత్తగారు నా మోచేయి పొడిచారు.

"వర్జ్యం పోయాకే లేచింది, చూశావా?"

చూశాను. వర్జ్యం పోయాకే లేచేటట్టయితే పరస్థానం దేనికి, వన్ టౌన్ దేనికి, ఆ స్టీలు డబ్బా దేనికి అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడే కాసేపటికి కిటికీ వైపు తిరిగి, నెమ్మదిగా అడిగారు.

"లోపలికి తీసుకెళ్ళిపోయి ఉంటారు కదే?"

"ఇంకా పదకొండు కాలేదుగా అత్తయ్యా" అన్నాను. మేం దిగేసరికే పదకొండని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు.

ఫోను మాట నిలబెట్టుకుంది, నిజం చెప్పాలి. గాల్లో మేమున్నది యాభై అయిదు నిమిషాలే. కానీ నేల మీదికి వచ్చాక బస్సు కోసం ఆగడం, చక్రాల కుర్చీ కోసం ఆగడం, టాక్సీ కోసం ఆగడం, ఇవన్నీ ఆ లెక్కలోకి రావట. శంషాబాదు నుంచి ఊళ్ళోకి మరో ముప్పావు గంట. దారిలో చిన్నమావగారికి చేస్తే ఫోను మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. ఇక మూడోసారి చెయ్యలేదు నేను. అత్తగారు సంచి పట్టుకున్న చేతులు చూస్తూ కూచున్నాను. పన్నెండు కావస్తుండగా ఆసుపత్రిలో దిగాం.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే చిన్నమావగారు ఎదురుగా ఉన్నారు. ఫోను గదిలో వదిలేసి మా కోసం అక్కడే నిలబడ్డారట.

"ఉందమ్మా, ఇంకా గదిలోనే ఉంది" అన్నారు. ఆయన గొంతులో నవ్వూ ఏడుపూ కలిసి ఉన్నాయి. "మీ విమానం రాలేదని తెలియగానే డాక్టరుగారిని పిలిపించింది. పన్నెండు దాకా వర్జ్యం, నేను లోపలికి రాను అంది."

"ఎవరు? చిన్నత్తగారా?"

"ఆవిడే. ఆయనకిలాంటివి అలవాటే అనుకుంటా, మారుమాట్లాడకుండా ఇంకో కేసు ముందుకి తీసుకున్నారు."

జీవితంలో ఒక్కరోజైనా పంచాంగం ముట్టుకోని మనిషి! మా అత్తగారికి ఇదేమీ వినపడలేదు. వినపడని చెవి అటువైపు ఉంది. పైగా ఆవిడ అప్పటికే కుర్చీలోంచి లేచి, మోకాళ్ళ సంగతి మరిచిపోయి, సంచితో సహా గదిలోకి పోతున్నారు.

చిన్నత్తగారు ఆసుపత్రి గౌనులో మంచం మీద కూచుని ఉన్నారు. అక్కగారిని చూడగానే కళ్ళు పెద్దవి చేశారు. గొంతు బొంగురుగా, గీసుకుపోతూ వచ్చింది, కానీ వచ్చింది.

"యాభై అయిదు నిమిషాల విమానమట! పొద్దున్నించీ ఎక్కడ ఊరేగావే?"

మా అత్తగారు మంచం అంచున కూచుని సంచి గురించి చెప్పారు. పడమర గురించి, ఆధార్ గురించి, మంచినీళ్ళ గురించి చెప్పారు. ఇక చూడండి! మాట్లాడొద్దన్న మనిషి మొదలుపెట్టారు.

"హైదరాబాదుకి పోయేదానివి, విమానం తూర్పున పెట్టుకుని సంచి పడమర పెట్టావా? ఇదే లెక్క నా క్లాసులో చేసుంటే నీ వీపు చిట్లిపోయేది. అప్పుడేమో నా పెట్టె పొరుగింట్లో పెట్టి తాళం వేయించావు. ఇప్పుడు నువ్వే సంచిలో దూరావా? ఆ సంచికి పెట్టిన మంచినీళ్ళు అదే తాగిందా, నువ్వు తాగావా? ఒసే అక్కా, నీకు బుద్ధి ఎప్పుడొస్తుందే? నేను పోయాకా?"

మధ్యలో దగ్గొచ్చింది. ఆగి, నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, మళ్ళీ అందుకున్నారు. మా అత్తగారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మొహం వెలిగిపోతూ వింటున్నారు. స్పీకరు లేదు, ఫోను లేదు. బాగా వినపడే చెవిని చెల్లెలి వైపు తిప్పుకున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆవిడ కోరుకున్నది అచ్చంగా ఇదే, దొరికింది.

నర్సు లోపలికొచ్చింది. గోడ గడియారం చూసి, చిన్నత్తగారితో, "అమ్మా, పన్నెండైంది. అయిపోయిందామ్మా మీ వర్జ్యం? లేకపోతే ఇంకాసేపు ఆగమన్నా ఆగుతామన్నారు డాక్టరుగారు" అంది.

మా అత్తగారు గిర్రున తిరిగారు.

"ఏ వర్జ్యం? పన్నెండు దాకా వర్జ్యం ఎక్కడుంది తల్లీ? ఇవాళ్టిది తొమ్మిదింటికే వెళ్ళిపోయిందిగా!"

చిన్నమావగారు కిటికీ వైపు తిరిగారు. నర్సు నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. చిన్నత్తగారు అక్కగారిని అట్లా చూస్తూ ఉండిపోయారు. తర్వాత గొంతులో ఉన్నదంతా కూడదీసుకుని అన్నారు.

"నోర్మూసుకోవే అక్కా."

బయటినుంచి స్ట్రెచరు తోసుకొచ్చారు. చిన్నత్తగారు అక్కగారి చెయ్యి ఒకసారి గట్టిగా గిల్లి, వెళ్ళి పడుకున్నారు. తలుపులు మూసుకున్నాయి.

ఏం జరిగిందో కారిడార్లో కూచున్నాక నేను అత్తగారికి వివరంగా చెప్పాల్సొచ్చింది. చిన్నత్తగారు అబద్ధం ఎందుకు ఆడారో, ఎవరి కోసం ఆడారో. ఆవిడ కాసేపు నమ్మలేదు. నమ్మాక సంచిలో మొహం పెట్టుకుని ఏడ్చారు.

"ఇంకాసేపు ఆగుతామన్నారు కదే. వర్జ్యం ఉందంటే నా సొమ్మేం పోయేది? ఇంకాసేపు తిట్టేదిగా."

మా అత్తగారు తిథుల విషయంలో ఎన్నడూ అబద్ధమాడి ఎరగరు. ఆ సంగతి మా అందరికన్నా చిన్నత్తగారికి బాగా తెలుసు. ఆవిడ వేసిన లెక్కలో అదొక్కటే మరిచిపోయినట్టున్నారు.

ఆపరేషను బాగా జరిగింది. మాట పోయింది. ఆవిడ కోలుకుని ఇంటికి చేరాక, రోజూ దీపాలవేళకి ఫోను మళ్ళీ మొదలైంది. ఇప్పుడు మాట్లాడేది మా అత్తగారొక్కరే. అటునుంచి చిన్నత్తగారు చెంచాతో ఫోను మీద కొడతారు. ఒకసారి కొడితే ఔను, రెండుసార్లు కొడితే కాదు, ఆగకుండా కొడితే తిట్టు. ఈ భాష వాళ్ళిద్దరూ ఎప్పుడు మాట్లాడుకుని పెట్టుకున్నారో నాకు తెలియదు. బహుశా మాట్లాడుకోనేలేదు.

మా అత్తగారు ముందు కూర చెబుతారు, తర్వాత మోకాలి నొప్పి చెబుతారు, వన్ టౌన్ తమ్ముడి కబుర్లు చెబుతారు. వాటన్నిటికీ ఒకటీ రెండూ చప్పుళ్ళు వస్తుంటాయి. అన్నీ అయిపోయాక ఆవిడ గొంతు సవరించుకుని, రోజూ తప్పకుండా, ఒకే మాట అంటారు.

"ఇవాళ పన్నెండు దాకా వర్జ్యమేనే చెల్లీ."

గోడ మీద కాలెండరు నేను చూస్తూనే ఉంటాను. ఏ రోజూ ఆ మాట నిజం కాదు. అటునుంచి చెంచా టకటకా మొదలవుతుంది, ఆగదు. మా అత్తగారు స్పీకరు ఇంకాస్త పెంచుకుని, అది అయ్యేదాకా వింటూ కూచుంటారు.